లెక్కల క్లాసులో టెక్నాలజీ ప్రాజెక్టు: ముందు ప్రశ్న, తర్వాతే యాప్

హైదరాబాద్‌లో ఒక ఇంట్లో నెలకు సరిగ్గా 200 యూనిట్ల కరెంటు కాలిందనుకుందాం. 2022లో అమల్లోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున 340 రూపాయలు, తర్వాతి 100కు 4.80 చొప్పున 480, మొత్తం 820. అదే ఇంట్లో 201 యూనిట్లు కాలితే ఎంత? 201వ యూనిట్ రేటు 7.70 అని చెప్పి పదో తరగతి పిల్లల్ని అడిగితే, చాలామంది 827.70 అంటారు. బిల్లులో మాత్రం 1027.70 పడుతుంది. 200 దాటగానే ఆ ఇల్లు పై కేటగిరీలోకి వెళ్లిపోతుంది. అక్కడ మొదటి యూనిట్ నుంచే రేటు 5.10. అంటే అంతకుముందు చవగ్గా లెక్కకొచ్చిన 200 యూనిట్లు కూడా కొత్త రేటు కట్టించుకుంటాయి. ఆ చివరి ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు. (కస్టమర్ చార్జీ, సుంకం వగైరా ఇక్కడ పక్కన పెట్టాను.)

హైస్కూల్ గణితానికి ఒక టెక్నాలజీ ప్రాజెక్టు చెప్పమంటే నేను మొదట దీన్నే చెబుతాను. కావలసింది ఒక స్ప్రెడ్‌షీట్, నాలుగైదు ఇళ్ల కరెంటు బిల్లులు. కానీ మన బళ్లలో 'టెక్నాలజీతో మ్యాథ్స్ ప్రాజెక్టు' అనగానే ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఒకప్పుడు థర్మాకోల్, చార్టులు, స్కెచ్ పెన్నులు. ఇప్పుడు పీపీటీ. పైథాగరస్ బొమ్మ, రెండు స్లయిడ్ల జీవిత చరిత్ర, ఎక్కడో దించుకున్న నాలుగు సూత్రాలు, చివర్లో గులాబీ పువ్వుతో థాంక్యూ. దాన్ని తయారు చేసింది తరచుగా పిల్ల అన్నయ్యో, వీధి చివర నెట్ సెంటరో.

ఇందులో టీచర్ల తప్పు వెతకడం తేలిక. అసలు చిక్కు వేరే చోట ఉంది. ప్రాజెక్టును ప్లాన్ చేసేటప్పుడు మూడు నిర్ణయాలు తీసుకోవాలి: ఏ గణితం నేర్పాలి, ఏ పనిముట్టు వాడాలి, చివరికి ఏం చూపించాలి. వరుస ఇలాగే ఉండాలి. మన దగ్గర అది తిరగబడుతుంది. సైన్స్ ఫెయిర్ వస్తోంది, పేరెంట్స్ మీటింగ్ ఉంది, కొత్త ప్యానెల్ బోర్డు (టచ్ స్క్రీన్ ఉన్న డిజిటల్ బోర్డు) వచ్చింది కాబట్టి దాన్ని వాడినట్టు కనిపించాలి. అలా ముందు చూపించాల్సిన వస్తువు ఖాయమవుతుంది. దానికి తగ్గ యాప్ వెతుకుతారు. గణితాన్ని ఆఖర్న అతికిస్తారు.

ఈ మూడింటినీ విడదీయడానికి ప్లాన్ కాగితం మీద ఒక్క ప్రశ్న రాసుకుంటే చాలు: యంత్రానికి అప్పగించగలిగినదంతా అప్పగించేస్తే, పిల్లకు ఆలోచించడానికి ఏం మిగులుతుంది? పీపీటీ ప్రాజెక్టును ఈ ప్రశ్నతో చూస్తే ఏమీ మిగలదు, మొత్తం పని చాట్‌జీపీటీ నిమిషంలో చేసిపెడుతుంది. కరెంటు బిల్లు ప్రాజెక్టులో చాలా మిగులుతుంది. ఎలాగో కాస్త దగ్గరగా చూద్దాం.

స్ప్రెడ్‌షీట్‌లో మొదటి నిలువు వరుసలో 1 నుంచి 400 వరకు యూనిట్లు. రెండో దాంట్లో బిల్లు రావాలి. ఇక్కడ ఇఫ్ ఫార్ములా, అంటే షరతును బట్టి లెక్క మార్చే ఫార్ములా, రాయాలి. ఇఫ్ రాయాలంటే షరతులు ఏ వరుసలో రావాలో తేల్చుకోవాలి. 100 లోపు వాడితే మొదటి 50కి 1.95, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపైతే పైన చెప్పుకున్న లెక్క. 200 దాటితే మొదటి 200కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9. కూడికలు, గుణింతాలు యంత్రం చేస్తుంది. 'సరిగ్గా 100 అయితే ఏ గదిలోకి వస్తుంది?' అన్నది యంత్రం చెప్పదు. 'కంటే తక్కువ'కూ 'తక్కువ లేదా సమానం'కూ తేడా ఏమిటని అసమీకరణాల పాఠంలో అడిగితే ఆవలించే పిల్లలే, ఇక్కడ ఆ ఒక్క గుర్తు కోసం వాదులాడుకుంటారు.

తర్వాత గ్రాఫ్. రేఖీయ సమీకరణాల పాఠంలో పిల్లలు చూసిన గీతలన్నీ తెగకుండా సాగేవే. ఇది మాత్రం 100 దగ్గర ఒకసారి, 200 దగ్గర ఇంకోసారి తెగి పైకి ఎగురుతుంది. 100 యూనిట్లకు 252.50 ఉన్నది 101కి 344.80 అవుతుంది. మొదట పిల్లలు తమ ఫార్ములాలో తప్పుందనుకుంటారు. అనుకోనివ్వాలి. చేత్తో లెక్క కట్టి, అసలు బిల్లుతో పోల్చుకుని, తప్పు లేదని తేలాక 'మరి ఎందుకిలా?' అని వాళ్లంతట వాళ్లు అడిగేదాకా టీచర్ నోరు విప్పకుండా ఉండగలిగితే సగం ప్రాజెక్టు అయిపోయినట్టే. ఒక్కో గీతకు వాలు ఎంత, వాలు అంటే ఇక్కడ అర్థం ఏమిటి, ఆదాయ పన్ను స్లాబుల్లో పైరేటు పైభాగానికే పడుతుంటే ఇక్కడ వెనక్కి కూడా ఎందుకు వర్తిస్తోంది, ఇవన్నీ ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు. ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇంట్లో 200 దాకా సున్నా, 201కి పూర్తి బిల్లు. ఆ గ్రాఫ్ ఇంకా విడ్డూరంగా ఉంటుంది. రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టించాలి.

రీడింగ్ తీసేవాళ్లు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే స్లాబు మారిపోతుందా అన్న ప్రశ్న ఏ క్లాసులోనైనా వస్తుంది, ఎందుకంటే ఇంట్లో ఆ మాట వినే పెరిగారు. దానికి టీచర్ దగ్గర జవాబు ఉండక్కర్లేదు. బిల్లు మీద రెండు రీడింగుల తేదీలూ ఉంటాయి, రోజుకు సగటు తీసి 30 రోజులకు ఎంతయ్యేదో పిల్లలే చూసుకోగలరు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: బిల్లు మీద పేరు, సర్వీసు నంబరు, చిరునామా ఉంటాయి. వాటిని మడిచో, కొట్టేసో తీసుకురమ్మని ముందే చెప్పాలి. ఎవరింట్లో ఎంత కాలుతుందన్నది క్లాసులో ఎగతాళికి కారణం కాకూడదు. ఏసీ ఉన్న ఇల్లు, లేని ఇల్లు పక్కపక్క బెంచీల్లోనే ఉంటాయి.

రెండో ఉదాహరణ పదో తరగతి త్రికోణమితి అనువర్తనాల నుంచి. 'ఒక స్తంభం పాదం నుంచి ఇన్ని మీటర్ల దూరంలో, ఊర్ధ్వకోణం 60 డిగ్రీలు' అనే లెక్కలు పిల్లలు నిద్రలో కూడా చేస్తారు. ఎందుకంటే కోణం ఎప్పుడూ 30, 45, 60 మాత్రమే. కొలిచే కష్టం అందులో లేదు.

చార్మినార్‌ను తీసుకోండి. 1591లో కట్టింది, ఊళ్లో చూడనివాళ్లు ఉండరు. కానీ మినార్ ఎత్తు ఎంతంటే ఒకచోట 48.7 మీటర్లని ఉంటుంది, మరోచోట 56 మీటర్లని ఉంటుంది. ఏడు మీటర్లకు పైనే తేడా. మామూలుగా ఇలాంటిది కనిపిస్తే టీచర్ ఒక సంఖ్యను ఖాయం చేసి ముందుకెళ్తారు. నా ఉద్దేశంలో ఇంతకంటే మంచి ప్రాజెక్టు ప్రశ్న దొరకదు: ఫోన్‌తో కొలిచి ఈ రెండింటిలో ఏది దగ్గరో తేల్చగలమా?

ఫోన్‌లో వంపు కొలిచే సెన్సర్ ఉంటుంది. ఫైఫాక్స్ లాంటి ఉచిత యాప్ ఆ కోణాన్ని డిగ్రీల్లో చూపిస్తుంది. ఫోన్ అంచుకు ఒక స్ట్రా అతికించి దాంట్లోంచి మినార్ కొసను చూడాలి, పక్కనున్నవాళ్లు కోణం చదవాలి. ఇక్కడిదాకా ఇది సరదా పని. గణితం మొదలయ్యేది 'మన కోణం ఒక డిగ్రీ అటూఇటూ అయితే ఎత్తులో ఎంత తేడా వస్తుంది?' అని అడిగినప్పుడు. ఎత్తు దాదాపు 50 మీటర్లు అనుకుని స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూస్తే, 20 మీటర్ల దూరంలో నిలబడ్డప్పుడు ఒక డిగ్రీ పొరపాటుకు ఎత్తు దాదాపు 2.6 మీటర్లు మారుతుంది. 100 మీటర్ల దూరంలో దాదాపు 2.2. మరి 50 మీటర్ల దూరంలో? దాదాపు 1.8 మాత్రమే. దగ్గరికెళ్తే మేలనుకునే పిల్లలు ఒకవైపు, దూరమైతేనే మంచిదనే పిల్లలు ఇంకోవైపు ఉంటారు. ఇద్దరూ తప్పే. కోణం 45 డిగ్రీలు వచ్చే చోట, అంటే ఎత్తుతో సమానమైన దూరంలో నిలబడితే పొరపాటు అన్నిటికంటే తక్కువ. ఎందుకో పూర్తిగా నిరూపించడానికి కలనం కావాలి, అది ఇంటర్‌లో వస్తుంది. కానీ దూరాన్ని ఐదేసి మీటర్లు మారుస్తూ పట్టిక వేస్తే ఆ లోయ కళ్లకు కనిపిస్తుంది. కోణం ఒక డిగ్రీ తప్పినా ఎత్తులో తేడా దాదాపు రెండు మీటర్లే కాబట్టి 48.7కూ 56కూ మధ్య తేడా పట్టుకోవడం సాధ్యమేనని, అక్కడికి బస్సెక్కకముందే, క్లాసులో కూర్చునే చెప్పగలుగుతారు. కొలత పనికొస్తుందో లేదో కొలవకముందే తెలుసుకోవడం ఇంజనీర్లు చేసే పని. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు అది అందనంత ఎత్తులో ఏమీ లేదు.

ఈ ప్రాజెక్టులో జారిపోయే చోట్లు కూడా ముందే తెలిసుండాలి. కంటి ఎత్తు కలపడం మర్చిపోతారు. నేల ఎగుడుదిగుడు. మినార్ పాదం దాకా టేపు పట్టుకెళ్లడం ఆ రద్దీలో కుదరకపోవచ్చు, అప్పుడు రెండు చోట్ల నుంచి కోణాలు కొలిచే పాఠ్యపుస్తకంలోని పద్ధతి పనికొస్తుంది గానీ అందులో పొరపాటు ఇంకా పెరుగుతుంది. అదీ స్ప్రెడ్‌షీట్‌లో చూసుకోవచ్చు. చార్మినార్‌కు వెళ్లే ముందు బడిలో జెండా కర్రనో, వాటర్ ట్యాంకునో కొలిపించాలి, ఎందుకంటే దాని అసలు ఎత్తు టేపుతో సరిచూసుకోవచ్చు. ఆ పరీక్షలో ఫోన్ అర డిగ్రీ తప్పు చూపిస్తోందా, మూడు డిగ్రీలా అన్నది తేలుతుంది. చార్మినార్‌కు తీసుకెళ్లడం కుదరని బడికి జెండా కర్ర ఒక్కటే చాలు. ట్రిప్పు లేకపోతే ప్రాజెక్టే లేదనుకోవద్దు.

మూడోది సంక్రాంతికి. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పే ముగ్గు పిల్లలకు కొత్తకాదు. మెలికల ముగ్గులో ఒక నియమం పెట్టండి: గీత చుక్కల మధ్య నుంచి వాలుగా సాగాలి, అంచు దగ్గర మాత్రమే మలుపు తిరగాలి, ప్రతి చుక్కా గీతల మధ్య చిక్కాలి. మూడు వరుసలు, నాలుగు నిలువు వరుసల చుక్కలకు చెయ్యి ఎత్తకుండా ఒకే తీగలో ముగ్గు పూర్తవుతుంది. రెండుకు రెండు పెడితే రెండు తీగలు కావాలి. నాలుగుకు ఆరు పెడితే రెండు. నాలుగుకు నాలుగు పెడితే నాలుగు. ఎన్ని తీగలన్నది రెండు సంఖ్యల గ.సా.భా. (రెంటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) అని పిల్లలు కనిపెట్టగలరు. కానీ సుద్దముక్కతో నాలుగైదు ముగ్గులు వేసేసరికి ఓపిక అయిపోతుంది. అక్కడ పిల్లలు ప్రోగ్రాములు రాసుకునే స్క్రాచ్ అవసరం వస్తుంది: 45 డిగ్రీల వాలులో నడుస్తూ అంచు తగలగానే తిరిగే ఒక చిన్న ప్రోగ్రాం, మొదలైన చోటికి వస్తే ఒక తీగ పూర్తయినట్టు. దాంతో పీరియడ్‌లో ఇరవై ముప్పై ముగ్గులు పరీక్షించవచ్చు. పదో తరగతి మొదటి పాఠంలో యూక్లిడ్ భాగహార న్యాయం ఉంది. నాలుగుకు పది ముగ్గులోంచి నాలుగుకు నాలుగు చతురస్రం తీసేస్తే మిగిలే నాలుగుకు ఆరు ముగ్గులోనూ తీగల సంఖ్య మారదు. మళ్లీ తీస్తే నాలుగుకు రెండు, అందులోంచి రెండుకు రెండు చతురస్రం తీస్తే మిగిలేది రెండుకు రెండు. భాగహారం చేస్తూ శేషాన్ని పట్టుకుపోయే ఆ పద్ధతే ముగ్గులో కనబడుతుంది. ఇంట్లో అమ్మమ్మకు ఏ ముగ్గు ఒకే తీగలో వస్తుందో నోటికి తెలిసి ఉండొచ్చు, అడిగి రమ్మనండి.

ఫొటోలతో చేసే ప్రాజెక్టుల గురించి ఒక హెచ్చరిక. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో ఫొటో పెట్టి దాని మీద వక్రాన్ని సరిపెట్టడం బాగా ప్రచారంలో ఉన్న పని. దాంతో వంపు కనిపించిన ప్రతిదాన్నీ పరావలయం (పారాబోలా) అనేయడం అలవాటైపోయింది. 2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఫొటో తెచ్చి వర్గ సమీకరణం రాయబోతే ఆగాలి. ఆ తీగలన్నీ సరళరేఖలు. దూరం నుంచి చూస్తే అన్నీ కలిసి వంపులా అనిపిస్తాయంతే. అక్కడ చేయదగిన పని వాలు లెక్క: ఒక్కో తీగ వాలు కనుక్కుని, గోపురం దగ్గర నుంచి దూరం పోయేకొద్దీ ఎలా మారుతోందో చూడటం. రెండు గోపురాల మధ్య దూరం దాదాపు 234 మీటర్లు, అదే స్కేలు. ఫొటో బ్రిడ్జికి అడ్డంగా, ఎదురుగా నిలబడి తీసిందై ఉండాలి. ఏటవాలుగా నిలబడి తీస్తే దగ్గరి తీగలు పెద్దవిగా, దూరపువి చిన్నవిగా కనిపించి వాలులన్నీ తప్పుతాయి. జియోజీబ్రా ఆ తప్పును ఎత్తిచూపదు, అడిగిన సమీకరణం అందంగా ఇచ్చేస్తుంది.

సంభావ్యతకు పుట్టినరోజుల లెక్క ఒకటి చాలు. 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి పైన, 40 మంది క్లాసులో దాదాపు 89 శాతం. స్ప్రెడ్‌షీట్‌లో యాదృచ్ఛిక సంఖ్యలతో వందల క్లాసులు పుట్టించి సరిచూడొచ్చు. తర్వాత బడి అడ్మిషన్ రిజిస్టర్‌లోని తేదీలతో, పేర్లు లేకుండా, పోల్చమనండి. చాలా బళ్లలో జూన్ పుట్టినరోజులు అనుమానం వచ్చేన్ని ఉంటాయి. బడిలో వేసిన రోజున సార్ రాసిన తేదీలవి. అన్ని రోజులకూ సమాన అవకాశం అన్న మన ఊహ ఎక్కడ చెదిరిందో పిల్లలకు చెప్పక్కర్లేదు, నవ్వుతూ వాళ్లే చెబుతారు.

ఇక యంత్రాల సంగతి. పిల్లకొక కంప్యూటర్ ఉన్న బడి కోసం రాసిన ప్లాన్లు చదివి నిరుత్సాహపడొద్దు. చాలా ప్రభుత్వ హైస్కూళ్లలో 8, 9, 10 తరగతులకు ప్యానెల్ బోర్డులొచ్చాయి, కానీ ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు తక్కువ. కార్పొరేట్ బళ్లలో కంప్యూటర్లుంటాయి, టైమ్‌టేబుల్‌లో ఖాళీ ఉండదు, ఐఐటీ ఫౌండేషన్ మింగేస్తుంది. రెండు చోట్లా ఒకటే మార్గం: యంత్రం దగ్గర గడిపే సమయాన్ని తగ్గించడం. కరెంటు బిల్లు ఫార్ములాను ముందు నోటుబుక్కులో రాసి, నలుగురూ ఒప్పుకున్నాకే యంత్రం ముందు కూర్చోవాలి. అలా చేస్తే గుంపుకు ఇరవై నిమిషాలు సరిపోతుంది. నేరుగా కూర్చోబెడితే మొదటి పీరియడ్ మొత్తం ఫాంట్ రంగు ఎంచుకోవడంతోనే పోతుంది. గుంపులో టైపు చేసేది ప్రతిసారీ ఒక్కరే కాకుండా చూడాలి. అబ్బాయిలు మౌస్ పట్టుకుని, అమ్మాయిలు రికార్డు రాసే ఏర్పాటు ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది, దాన్ని పట్టించుకుని మార్చాల్సింది టీచరే. ఫోన్ విషయంలో గుంపుకు ఒకటి, అదీ టీచర్ కళ్లెదుట. ఇంట్లో నాన్న ఫోన్ రాత్రి తొమ్మిదికి గానీ దొరకదని తెలిసీ ఇంటిపనిగా ఇవ్వడం అన్యాయం.

మార్కుల దగ్గర కూడా 'పిల్లకు ఆలోచించడానికి ఏం మిగులుతుంది?' అన్న ఆ ఒక్క ప్రశ్నే పనికొస్తుంది. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, రికార్డు అందంగా ఉంటే పడిపోతాయి. వాటిని రికార్డుకు కాకుండా మార్పుకు ఇవ్వండి. పిల్ల తన స్ప్రెడ్‌షీట్ తెరిచి నిలబడ్డప్పుడు 'స్లాబు 200 దగ్గర కాకుండా 250 దగ్గర మారితే నీ గ్రాఫ్ ఎలా ఉంటుంది? ముందు చెప్పు, తర్వాత మార్చి చూపించు' అని అడగాలి. ముగ్గు చేసినవాళ్లను 'నాలుగుకు ఆరులో ఇంకో నిలువు వరుస చేర్చి నాలుగుకు ఏడు చేస్తే?' అని అడగాలి. ప్రోగ్రాం ఎవరు రాశారన్న పోలీసు విచారణ అక్కర్లేదు. చాట్‌జీపీటీ రాసిచ్చినా, అది ఏం చేస్తుందో ముందే చెప్పగలిగితే పిల్లకు అర్థమైనట్టే. ముందు చెప్పింది తప్పయి, ఎందుకు తప్పిందో తర్వాత చెప్పగలిగితే నేను ఇంకాస్త ఎక్కువే ఇస్తాను. నలభై మందిని ఇలా అడగడానికి టైమెక్కడిదంటే, గుంపుకు మూడు నిమిషాలు చాలు. రికార్డులు దిద్దే టైమ్‌లో సగం కూడా పట్టదు.

ఏడాదిలో ఎప్పుడు పెట్టాలన్నది ఆఖరి చిక్కు. బళ్లు జూన్‌లో తెరిచేసరికి ఏప్రిల్, మే బిల్లులు ఇంట్లోనే ఉంటాయి, ఎండల్లో 200 దాటే ఇళ్లు పెరుగుతాయి. కాబట్టి కరెంటు బిల్లు ప్రాజెక్టు తొమ్మిదో తరగతికి జూన్, జూలైల్లోనే. కొలతలకు వానలు తగ్గాలి, దసరా సెలవుల తర్వాత మంచిది. పదో తరగతికి త్రికోణమితి పాఠం అప్పటికి అవ్వకపోతే ఆ ఒక్క పాఠాన్ని ముందుకు జరుపుకోవచ్చు, క్షేత్రమితి దానికోసం ఆగగలదు. ముగ్గు డిసెంబర్ చివరి వారంలో మొదలవ్వాలి. జనవరి దాటితే పదో తరగతికి ఏ ప్రాజెక్టూ పెట్టకండి, అప్పటికి స్పెషల్ క్లాసులు, ప్రీఫైనల్ భయం మొదలవుతాయి, హెడ్మాస్టర్ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనిమిదో తరగతి వాళ్లకు ల్యాబ్ ఖాళీగా దొరుకుతుంది.